పాలు, హాలు: ఏది అసలు మాట?

మాది కంప్లి. అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు కన్నడ. ఒకే గిన్నెలో ఉన్నవి అవ్వకు పాలు, అజ్జికి హాలు. ‘మీ సరిహద్దు వాళ్ళది కల్తీ భాష’ అని మా ఊరి వాళ్ళు తరచూ అనిపించుకుంటారు. అందుకే ఈ రెండు మాటల్లో ఏది అసలో వెతికాను.

తమిళంలోనూ మలయాళంలోనూ ‘పాల్’ అనే అంటారు. క్రీ.శ. 941లో ‘విక్రమార్జున విజయం’ రాసిన పంప కవి నాటి కన్నడంలో కూడా అది ‘పాల్’ అనే ఉండేది. ఆ తర్వాత కొన్ని శతాబ్దాల్లో కన్నడ మాటల మొదట ఉన్న ‘ప’ నెమ్మదిగా ‘హ’ అయింది. ఇది ఒక్క మాటతో ఆగలేదు. పులి హులి అయింది, పాము హావు, పంది హంది, పువ్వు హూవు, పగలు హగలు, పొలం హొల. మా పక్కనే ఉన్న హంపి కూడా ఇలా వచ్చిందే. తుంగభద్ర పాత పేరు పంప. ఊరి పేరు జనం నోట హంపె అయింది. గుడిలో విరూపాక్షుడు మాత్రం నేటికీ పంపాపతే. విచిత్రం ఏంటంటే, కన్నడంలో వాటాను ఇప్పటికీ ‘పాలు’ అనే అంటారు. మనకు తాగే పాలు, పంచుకునే పాలు రెండూ ఒకేలా వినిపిస్తాయి. వాళ్ళకు వేరువేరు.

ఇలాంటి మార్పు ఐరోపాలోనూ జరిగింది. లాటిన్ ‘పాటెర్’, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘పితృ’ రెండూ ‘ప’తో మొదలవుతాయి. ఇంగ్లీషులో అదే మాట ‘ఫాదర్’. పాదం అక్కడ ‘ఫుట్’. జర్మానిక్ భాషల్లో ‘ప’ ఒక పద్ధతి ప్రకారం ‘ఫ’ అయిందని 1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రంగా చెప్పాడు. అంతమాత్రాన ఇంగ్లీషును చెడిపోయిన లాటిన్ అని ఎవరూ అనరు కదా.

అయితే తెలుగే పాతదా? తొందరపడకండి. చెవిని కన్నడంలో కివి అంటారు, చెయ్యిని కై, చెరువును కెరె. ఇక్కడ పాత ‘క’ కన్నడంలో నిలిచింది, ‘చ’గా మారింది తెలుగులో. అంటే ఒక చోట వాళ్ళు మారారు, ఇంకో చోట మనం మారాం. తెలుగు కన్నడకు తల్లీ కాదు, కూతురూ కాదు. ఇద్దరూ ఒక ఇంటి అక్కచెల్లెళ్ళు. అజ్జి ‘హాలు’ అవ్వ ‘పాలు’కు చెడిన రూపం కాదు, దాని తోబుట్టువు.

ఇలాంటి జంటలు మీకు తెలిస్తే ఈ కాగితం కింద ఖాళీలో పెన్సిలుతో రాయండి. మొదటిది నేనే రాస్తున్నా: పొగ, హొగె.