కాళేశ్వరమంత దూరానికి బిజినెస్ క్లాసు

హైదరాబాద్ నుంచి కాళేశ్వరానికి రోడ్డు మీద సుమారు 280 కిలోమీటర్లు. వరంగల్, పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవ్‌పూర్ దాటుకుంటూ పోతే గోదావరి కనబడేసరికి ఒక పూట గడిచిపోతుంది. కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు ఆకాశమార్గం కూడా దాదాపు అంతే, 300 కిలోమీటర్లు. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే అంతర్జాతీయ విమాన మార్గాల్లో అదొకటి. విమానం గాల్లో ఉండేది గంటలోపే. ఆ గంటకు కూడా బిజినెస్ క్లాసు టికెట్లు అమ్ముతారు, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు!

హాంకాంగ్–తైపే మార్గం ఇంకా విచిత్రం. దూరం 800 కిలోమీటర్లే, ప్రయాణం రెండు గంటలలోపే. అయినా అక్కడ రెండు నడవల పెద్ద విమానాలు తిరుగుతాయి. వాటి ముందు భాగంలో సీటును పూర్తిగా వాల్చి మంచంలా చేసుకోవచ్చు. నిద్ర పట్టేలోపే దిగే సమయం వస్తుంది.

మరి అంత డబ్బు ఎందుకు పెడతారు? చిన్న ప్రయాణంలో బిజినెస్ క్లాసు విలువ గాల్లో కన్నా నేల మీదే ఎక్కువ. చెక్-ఇన్‌కు వేరే వరుస, కూర్చోడానికి లాంజ్, ముందుగా ఎక్కడం, దిగాక సామాను త్వరగా అందడం. పని మీద తిరిగేవాళ్లకు ఇంకో వెసులుబాటు, చాలా టికెట్లలో ప్రయాణ తేదీ మార్చుకోవడం తేలిక. ఆ సీట్లలో కూర్చునే వాళ్లలో దూరదేశాల నుంచి వచ్చి విమానం మారేవాళ్లూ ఉంటారు. అమెరికా నుంచి బిజినెస్ క్లాసులో ఢిల్లీకి వచ్చిన తెలుగువాళ్లు హైదరాబాద్ విమానం ఎక్కితే, ఆ చివరి రెండు గంటలూ సాధారణంగా అదే టికెట్‌లో భాగం.

జపాన్ వాళ్లది చక్కని ఆలోచన. జపాన్ ఎయిర్‌లైన్స్ 2004లో దేశీయ విమానాల్లో ‘క్లాస్ జె’ అని ఒకటి మొదలుపెట్టింది. అప్పట్లో మామూలు టికెట్ మీద 1,000 యెన్లు అదనంగా ఇస్తే కాస్త వెడల్పైన సీటు, అంతే. చిన్న దూరానికి ఇంతకన్నా న్యాయమైన బేరం ఉండదని నా అభిప్రాయం.

మన దగ్గర లెక్క వేరు. ఎయిర్ ఇండియా కొత్తగా తీర్చిదిద్దిన ఏ320 విమానాల్లో బిజినెస్ క్లాసు సీట్లు 8 మాత్రమే. ఇండిగో చాలా ఏళ్లు ఒకే తరగతితో నడిచి, 2024 నవంబరులో ఢిల్లీ–ముంబయి మార్గంలో ‘స్ట్రెచ్’ పేరుతో ముందు 12 పెద్ద సీట్లు పెట్టింది. పన్నులోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి బిజినెస్ క్లాసు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఎకానమీకి 5 శాతమే.

ఎంత పెద్ద సీటు కొన్నా విమానంలో వంట చప్పగా అనిపిస్తే వంటవాడిని తిట్టుకోకండి. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత. పైగా ఇంజిన్ల హోరు. వీటన్నిటి వల్ల నాలుకకు ఉప్పూ తీపీ తక్కువగా తెలుస్తాయి. టమాటా రుచి మాత్రం అంతగా తగ్గదు. మన టమాటా చారు పైన బాగానే నిలబడుతుందని నా నమ్మకం.

హైదరాబాద్–విజయవాడ లాంటి దగ్గరి మార్గాల్లో తిరిగే ఏటీఆర్-72 అనే చిన్న విమానంలో బిజినెస్ క్లాసే లేదు. కానీ ఒక సుఖం అందరికీ సమానం. వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లే కాబట్టి ఇద్దరి మధ్య నలిగిపోయే నడిమి సీటు ఎవరికీ రాదు. ఇంకో విశేషం, ఈ విమానంలోకి వెనక తలుపు నుంచి ఎక్కుతారు, సామాను ముందు వైపు పెడతారు. అందుకే ముందుగా దిగాలనుకునేవాళ్లు వెనక వరుసే కోరుకోవాలి!

ఈ చిన్న విమానాలకూ తెలుగు నేలకూ పాత బంధం ఉంది. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్–విజయవాడ సర్వీసు ప్రారంభిస్తుండగా, గాల్లోకి లేవకముందే ఏటీఆర్ ఇంజిన్‌లో మంటలు వచ్చాయి. లోపల ఎం.వెంకయ్యనాయుడు సహా ప్రముఖులు ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైనప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు అదే రోజు జెండా ఊపిన మార్గాలు రెండూ హైదరాబాద్‌వే: ఒకటి కడపకు, ఇంకోటి నాందేడ్‌కు. గంట ప్రయాణానికి సగం సీట్లలో ఒక్కోదాని ధర 2,500 రూపాయలు దాటకూడదన్నది మొదట్లో ఆ పథకం నియమం. బస్సులో రాత్రంతా కూర్చునే మనిషికి ఆ 2,500 రూపాయల సీటు చేసే మేలు ఏ బిజినెస్ క్లాసూ చేయలేదు.

ఇంకా వెనక్కి వెళితే, నిజాం రాజ్యానికి సొంత విమాన సంస్థే ఉండేది. 1945లో టాటాలతో కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు నడిపింది. 1953లో జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అంతకు ముందే, 1930లో, వరంగల్ దగ్గర మామునూరులో ఏడో నిజాం కాలంలోనే విమానాశ్రయం కట్టారు. అక్కడ 1981 వరకు విమానాలు దిగాయి. తర్వాత రన్‌వే మిగిలింది, విమానాలు పోయాయి.

ఇప్పుడు కాళేశ్వరం సంగతి. గోదావరి, ప్రాణహిత, అంతర్వాహిని సరస్వతి కలిసే త్రివేణి సంగమం. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలకు జనం పోటెత్తారు. ఊరికి రైలు లేదు, విమానం లేదు. బస్సులూ కార్లూ జీపులే దిక్కు.

పక్కనే ములుగు జిల్లా మేడారానికి మాత్రం గాల్లోంచి వెళ్లిన భక్తులున్నారు. 2024 సమ్మక్క–సారలమ్మ జాతరకు హనుమకొండ నుంచి హెలికాప్టర్ నడిపారు. రానూపోనూ మనిషికి 28,999 రూపాయలు, అందులో ప్రత్యేక దర్శనం కూడా కలిపి. పైనుంచి జాతరను ఒకసారి చూసి దిగాలంటే 4,800. ఆ పెద్ద టికెట్‌లో అసలు కొన్నది ట్రాఫిక్, క్యూ తప్పించుకోవడమే. సింగపూర్ మార్గంలో బిజినెస్ క్లాసు కొనేవాళ్లు కోరేదీ అదే.

మామునూరు కథ మళ్లీ కదిలింది. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో, అది తెరిచిన 2008 నుంచి 25 ఏళ్ల పాటు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. నిర్వాహకులు అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఏ320 తరహా విమానాలు దిగేలా రన్‌వేను పొడిగించాలి, అందుకు అదనంగా భూమి కావాలి. ఏటీఆర్ దిగినా భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వాళ్లకు శంషాబాద్ దాకా వెళ్లే బాధ తప్పుతుంది. ఏ320 దిగితే ముందు వరుసల్లో ఆ 8 పెద్ద సీట్లూ రావచ్చు.