ఎదిగే ఎముకలు, ఎంపిక పరీక్షలు
బాలే ఉన్నత శిక్షణకు సిద్ధమయ్యే మన పిల్లల కోసం

దోహా నగరంలో శుక్ర, శనివారాలు సెలవు దినాలన్న మాటే గాని, బడికి వెళ్ళే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో అవి విశ్రాంతి దినాలు కావు. ఒకరు కూచిపూడి తరగతికి, ఒకరు ఈతకు, మరొకరు బాలే తరగతికి పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరుతూ ఉంటారు. ఏడెనిమిదేళ్ళ వయసులో వేడుకగా మొదలైన బాలే, అమ్మాయికి 12, 13 ఏళ్ళు వచ్చేసరికి ఒక కూడలికి చేరుకుంటుంది. నేర్పే గురువు తల్లిదండ్రులను పిలిచి, పిల్లలో ప్రతిభ ఉన్నదనీ, ఉన్నత శిక్షణకు ఆడిషన్ ఇప్పించడం మంచిదనీ సలహా ఇస్తారు. ఆనాటి నుండి ఆ ఇంట్లో సంతోషంతో పాటు ఒక ఆందోళన కూడా ప్రవేశిస్తుంది.

ఈ ఉన్నత శిక్షణ అనేది పూర్తికాలపు నాట్య పాఠశాల కాదు. పిల్లలు తమ బడిలోనే చదువుకుంటూ, తమ ఇంట్లోనే ఉంటూ, మొదటి గురువు వద్ద పాఠాలు మానకుండా, వారాంతాలలో అదనంగా నిపుణుల వద్ద నేర్చుకునే ఏర్పాటు ఇది. లండన్‌లో 1926లో నినెట్ డి వాల్వా స్థాపించిన సంస్థ నుండి రూపుదిద్దుకున్న రాయల్ బాలే స్కూల్ నడిపే అసోసియేట్స్ కార్యక్రమం దీనికి ప్రసిద్ధమైన నమూనా. బ్రిటన్‌లోనే 2004 నుండి ప్రభుత్వ సహాయంతో సెంటర్స్ ఫర్ అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ అనే పేరుతో ఇటువంటి కేంద్రాలు ఏర్పడ్డాయి. ఖతార్‌లో నివసించే మన కుటుంబాలకు ఈ ప్రశ్న మూడు విధాలుగా ఎదురుకావచ్చు. మొదటిది, స్థానిక శిక్షణాలయాలలో పైతరగతికి ఎంపిక. రెండవది, వేసవి సెలవులలో విదేశాలలో జరిగే శిబిరాలు. మూడవది, ఉద్యోగరీత్యా మరో దేశానికి తరలిపోయినప్పుడు అక్కడి శిక్షణలో ప్రవేశం. 2020 తరువాత అనేక సంస్థలు తొలి దశ పరీక్షను వీడియో ద్వారా జరపడం మొదలుపెట్టాయి గనుక, దూరం మునుపటంత అడ్డంకి కాదు.

అయితే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. ఆడిషన్ నాడు న్యాయనిర్ణేతల ముందు నిలబడేది ఎదుగుదల మధ్యలో ఉన్న శరీరం. ఆ ఒక్కరోజు కొలత బిడ్డ ప్రతిభకు తుది కొలత కాజాలదు. ఈ మాట ఓదార్పు కోసం చెబుతున్నది కాదు. శరీరశాస్త్రం చెబుతున్నదే.

పరీక్షలో ఏమి చూస్తారు?

సాధారణంగా ఆడిషన్ ఒక తరగతి రూపంలోనే జరుగుతుంది. పిల్లలు ముందుగా గోడవెంట ఉండే కమ్మీని పట్టుకుని అభ్యాసాలు చేస్తారు. ఆ తరువాత గది మధ్యకు వచ్చి నిలకడ, భ్రమణం, గెంతులు చూపుతారు. న్యాయనిర్ణేతలు ఒక ప్రక్కన కూర్చుని పరిశీలిస్తూ ఉంటారు. కొన్నిచోట్ల ఫిజియోథెరపిస్టు వచ్చి కీళ్ళ కదలికను, పాదాల వంపును, వెన్నెముకను పరీక్షించడం కూడా ఉన్నది.

ఎన్ని భంగిమలు వచ్చునన్నది ఇక్కడ ప్రధానం కాదు. సంగీతానికి శరీరం ఎట్లా స్పందిస్తున్నది, చెప్పిన సవరణను వెంటనే అందుకుని మరుసటి ప్రయత్నంలో చూపగలుగుతున్నదా, నేర్చుకోవాలన్న ఆసక్తి ముఖంలో కనబడుతున్నదా అనే అంశాలకు అనుభవజ్ఞులైన గురువులు విలువనిస్తారు. మన నాట్య గురువులు శిష్యురాలిలో తాళజ్ఞానం, గ్రహణశక్తి వెదకడం వంటిదే ఇది. అయినప్పటికీ శరీర నిర్మాణం లెక్కలోకి రాదని చెప్పలేము. బాలే నిలువు గీతలను, పొడవైన అవయవ సౌష్ఠవాన్ని కోరే కళ. చిక్కు ఇక్కడే ఉన్నది.

ఒకే వయసు, వేర్వేరు గడియారాలు

ఒకే తరగతిలో చదివే 12 ఏళ్ళ పిల్లలను వరుసగా నిలబెట్టి చూడండి. ఒకరు పెద్దమనిషిలా కనబడితే, ప్రక్కవారు ఇంకా పసివారిలా ఉంటారు. పుట్టిన తేదీ ఒకటే అయినా, శరీరపు పక్వత రెండు మూడు సంవత్సరాల తేడాతో ఉండడం ఈ వయసులో సర్వసాధారణం. ఆడపిల్లలలో ఎత్తు పెరిగే వేగం సగటున 12 ఏళ్ళ ప్రాంతంలో పతాకస్థాయికి చేరుతుంది. మగపిల్లలలో ఇది సుమారు రెండేళ్ళు ఆలస్యంగా జరుగుతుంది. ఆ ఉధృతిలో ఆడపిల్లలు ఏడాదికి 8 సెంటీమీటర్ల వరకు పెరగడం వింత కాదు.

ఈ పెరుగుదల శరీరమంతటా ఒకేసారి జరగదు. ముందు పాదాలు, కాళ్ళు, చేతులు సాగుతాయి. మొండెం ఆ తరువాత పెరుగుతుంది. కాలు పొడవైతే దానిని పైకెత్తి నిలపడానికి ఎక్కువ బలం కావాలి. కండరాల బలం మాత్రం ఎముక పొడవుకు వెంటనే తోడు రాదు. ఫలితంగా నిన్నటి వరకు నాలుగు చుట్లు అవలీలగా తిరిగిన అమ్మాయి నేడు రెండవ చుట్టుకే తూలిపోతుంది. ఒంటి వంపు తగ్గినట్లు, గెంతు బరువెక్కినట్లు అనిపిస్తుంది. ఇది సోమరితనం కాదు, శ్రద్ధ తగ్గడం కాదు. మారిన కొలతలకు తగినట్లు మెదడు తన లెక్కలను తిరిగి వేసుకుంటున్న కాలమిది.

ఈ విషయంపై మన దోహాలోనే విలువైన పరిశోధన జరిగింది. 2004లో స్థాపితమైన ఆస్పైర్ అకాడమీలో క్రీడాశిక్షణ పొందే కిశోరులను, 2007లో ప్రారంభమైన ఆస్పెటార్ ఆసుపత్రితో కలిసి పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. అథ్లెటిక్స్ అభ్యసించే బాలురపై 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం, ఎముకల పక్వతకూ, పెరుగుదల వేగానికీ, ఎముకలకు, వాటి వృద్ధి ఫలకాలకు కలిగే గాయాలకూ సంబంధమున్నదని తేల్చింది. వృద్ధి ఫలకమంటే ఎముక చివర ఉండే మృదులాస్థి పొర. ఎముక పొడవు పెరిగేది అక్కడే. గట్టిపడిన ఎముకకంటే అది బలహీనం. పరుగుకైనా, బాలే గెంతుకైనా ఆ పొర ఒక్కటే గదా!

ఇందులో తల్లిదండ్రులకు ఉపయోగపడే సులభమైన ఉపాయం ఒకటున్నది. మూడు నెలలకొకసారి బిడ్డ ఎత్తును తలుపు చట్రంపై గుర్తు పెట్టండి. మూడు నెలలలో 2 సెంటీమీటర్లు పెరిగినట్లు కనబడితే, ఏడాదికి 8 సెంటీమీటర్ల వేగమన్నమాట. ఆ కాలంలో గెంతుల సంఖ్య తగ్గించి, బలాన్నీ నిలకడనూ పెంచే అభ్యాసాలు చేయించమని గురువును కోరడం సమంజసం. ఆడిషన్ దగ్గరపడిందని సాధన గంటలను హఠాత్తుగా రెట్టింపు చేయడం మాత్రం తగదు.

తుంటి కీలు చెప్పే నిజం

బాలేకు పునాది టర్నౌట్, అనగా రెండు కాళ్ళను తుంటి వద్ద నుండి వెలుపలికి తిప్పి నిలబడడం. మన అరమండిలో కూడా మోకాళ్ళు ప్రక్కలకు తిరుగుతాయి గనుక కూచిపూడి నేర్చిన పిల్లలకు ఇది కొత్త కాదు. తేడా ఏమిటంటే, మన నర్తకి అరమండిలో కూర్చుని పాదాన్ని నేలకు తాటించి తాళం పలికిస్తుంది. బాలే నర్తకి అదే వంపును నేలను వదిలి పైకి లేవడానికి వాడుకుంటుంది. రెండు కళల పిల్లలకూ వర్తించే నియమం ఒక్కటే: తిరగవలసింది తుంటి, పాదం కాదు.

పాదాలు రెండూ ఒకే సరళరేఖపై నిలవడం ఆదర్శంగా చెబుతారు. అంటే ఒక్కొక్క కాలు 90 డిగ్రీలు తిరగాలి. కాని తుంటి కీలు నుండి 60 డిగ్రీలు లభించినా అది మంచి కొలతే. మిగిలినది మోకాలి క్రింది భాగం, చీలమండ, పాదం పంచుకుంటాయి. తుంటి ఎంత తిరగగలదన్నది ముఖ్యంగా ఎముక ఆకృతిని బట్టి ఉంటుంది. తొడ ఎముక మెడ పుట్టుకనాడు సుమారు 40 డిగ్రీలు ముందుకు వాలి ఉండి, పెరిగే కొద్దీ తగ్గుతూ పెద్దవారిలో సుమారు 15 డిగ్రీల వద్ద నిలుస్తుంది. ఈ వాలు ఎక్కువగా మిగిలినవారికి కాలు లోపలికి తిరగడం సులభం, వెలుపలికి తిరగడం కష్టం. యుక్తవయసు వచ్చిన తరువాత సాగదీతతో ఎముకను మార్చలేము. ఉన్న మేరకు దానిని నిలిపి ఉంచే లోతైన తుంటి కండరాలను బలపరచవచ్చు.

ఆడిషన్‌లో ఎక్కువ చూపాలన్న తొందరలో పిల్లలు మోకాళ్ళు వంచి, పాదాలను నేలపై బలవంతంగా తిప్పి నిలబెట్టి, తరువాత మోకాళ్ళు చాపుతారు. అప్పుడు మోకాలు మెలిపడుతుంది, పాదపు వంపు కూలిపోతుంది, నడుము లోపలికి కుంగుతుంది. నిపుణులైన న్యాయనిర్ణేతల కంట ఈ మోసం పడకపోదు. తన తుంటి ఇచ్చినంత మేరకే తిప్పి, ఆ మేరకు నిటారుగా నిలబడిన పిల్లకే వారి వద్ద గౌరవం ఎక్కువ.

వేళ్ళ కొసలపై నిలబడడానికి ముందు

పాయింట్ బూట్లు వేసుకోవడం ప్రతి బాలే విద్యార్థినికీ ఒక కల. ఆడిషన్‌కు అవి ఉంటే మేలేమోనని తల్లిదండ్రులు తొందరపడడం కద్దు. 1990లో ఏర్పడిన అంతర్జాతీయ నాట్య వైద్య, విజ్ఞాన సంఘం ఈ విషయంలో ఇచ్చిన సూచనల సారాంశం ఇది: 12 ఏళ్ళు నిండకముందు వద్దు. నిండినంత మాత్రాన సిద్ధమైనట్లు కాదు. నడుము, పొట్ట కండరాల పట్టు, కాలి బలం, చీలమండ చాచినప్పుడు పాదం పిక్కతో ఒకే గీతలోకి రావడం, కొన్నేళ్ళ క్రమబద్ధమైన సాధన, ఇవన్నీ కలిసినప్పుడే ఆ బూట్లు. వారానికి ఒక్క తరగతికి మాత్రమే వెళ్ళే పిల్లలకు ఇవి తగవు.

ఎండ కాసే దేశంలో ఎముకల కరవు

మన పిల్లల విషయంలో ఖతార్‌కు సంబంధించిన ప్రత్యేక సమస్య ఒకటున్నది. ఎండకు కొరతలేని ఈ దేశంలో విటమిన్ డి లోపం విస్తృతంగా ఉన్నదని ఇక్కడి వైద్యుల అధ్యయనాలు పలుమార్లు వెల్లడించాయి. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది గనుక పిల్లలు ఇంటి నుండి కారులోకి, కారు నుండి బడిలోకి, అక్కడి నుండి చల్లని నాట్యశాలలోకి వెళతారు. చర్మంపై ఎండ పడే అవకాశమే తక్కువ. మన చామనఛాయ చర్మానికి అంతే విటమిన్ తయారు కావడానికి మరికొంత ఎక్కువ ఎండ అవసరం.

పెద్దవారి ఎముకలలో ఉండే ఖనిజాలలో సుమారు నాలుగవ వంతు, ఎత్తు వేగంగా పెరిగే కాలానికి అటూ ఇటూ ఉన్న రెండేళ్ళలోనే చేరుతుంది. పైగా ఖనిజం చేరడం పొడవు పెరగడం కంటే కొన్ని నెలలు వెనుకబడి ఉంటుంది. సరిగ్గా అదే వయసులో ఆడిషన్లు వస్తాయి. సన్నగా కనబడాలని పిల్ల అన్నం మానడం మొదలుపెడితే ఆ నష్టాన్ని తరువాత పూర్తిగా పూడ్చడం కష్టం. శ్రమకు తగిన ఆహారం అందనప్పుడు ఋతుక్రమం తప్పడం, ఎముకలు పలచబడి సన్నని పగుళ్ళు ఏర్పడడం జరుగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితిని క్రీడలలో సాపేక్ష శక్తి లోపమని వర్ణించింది. అబ్బాయిలకు కూడా ఇది వర్తిస్తుంది.

పెరుగు, పాలు, పప్పు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, అలవాటున్నవారికి గుడ్లు, చేపలు మన వంటింట ఉన్నవే. విటమిన్ డి మోతాదు మాత్రం రక్తపరీక్ష తరువాత వైద్యుని సలహాతోనే తీసుకోవాలి. అమ్మాయికి ఋతుక్రమం మొదలై ఆగిపోయినా, 15 ఏళ్ళు వచ్చినా మొదలుకాకపోయినా, నాట్యం చేసేవారికి అది మామూలే అని సరిపెట్టుకోకుండా వైద్యునికి చూపాలి. ఈ వయసు పిల్లలకు రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమన్నది కూడా మరువరాదు. ఇంట్లో బిడ్డ బరువు గురించి బంధువుల ఎదుట చేసే వ్యాఖ్య, చనువుతో అన్నదైనా సరే, ఈ సమయంలో హాని చేస్తుంది.

ఫలితం వచ్చిన తరువాత

ఎంపిక కాలేదన్న ఉత్తరం వచ్చినప్పుడు ఇంట్లో ఏమి మాట్లాడుకోవాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం మంచిది. కొన్ని స్థానాలకు ఎందరో పోటీపడే చోట కాదన్న మాటే ఎక్కువమందికి వస్తుంది. తొందరగా ఎదిగిన పిల్ల ఆనాడు నిలకడ కోల్పోయి ఉండవచ్చు. ఆలస్యంగా ఎదిగే పిల్ల బలం చాలక వెనుకబడి ఉండవచ్చు. రెండేళ్ళ తరువాత ఇద్దరి స్థితి తారుమారు కావచ్చు. మిస్టీ కోప్‌లాండ్ 13 ఏళ్ళ వయసులో, అంటే చాలామంది ఉన్నత శిక్షణకు పరీక్ష ఇచ్చే వయసులో, తొలి బాలే పాఠం నేర్చుకున్నారు. 2015లో అమెరికన్ బాలే థియేటర్‌లో ప్రధాన నర్తకి స్థానం పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆమె.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ రుక్మిణీదేవి అరండేల్. 1928లో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయమైన తరువాత, ఇరవయ్యేళ్ళు దాటిన వయసులో, ఆమె పావ్లోవా బృందంలోని క్లియో నోర్డీ వద్ద బాలే అభ్యసించారు. మీ దేశపు నాట్యాన్ని చూడమని పావ్లోవా ఇచ్చిన సలహాతో భరతనాట్యం వైపు మళ్ళి, 1936లో మద్రాసులో కళాక్షేత్రాన్ని నెలకొల్పారు. బాలేలో నేర్చిన క్రమశిక్షణ ఆమెకు వృథా కాలేదు.

కనుక ఆడిషన్‌కు పంపదలచిన తల్లిదండ్రులు అమ్మాయితో కూర్చుని మూడు విషయాలు ముందే తేల్చుకోవాలి. ఈ శిక్షణ కోరుతున్నది తనా, మనమా? ఇప్పుడు శరీరం పెరుగుదల ఏ దశలో ఉన్నది? ఎంపిక కాకపోతే వచ్చే శుక్రవారం తన పాత గురువు తరగతికి సంతోషంగా వెళ్ళగలదా? మూడవ ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చిన ఇంటి నుండి బిడ్డను నిశ్చింతగా ఆడిషన్‌కు పంపవచ్చు.