ఎండడానికీ సన్నాహం కావాలి

గోధుమకు ఒక పాత తెగులుంది. వెన్నులో గింజ ఉండాల్సిన చోట నల్లటి గట్టి బుడిపె తయారవుతుంది. 1743లో ఇంగ్లండుకు చెందిన జాన్ నీడమ్ అలాంటి బుడిపెను చీల్చి చూస్తే లోపల తెల్లటి పీచు కనిపించింది. పోగులు విడివిడిగా కనిపిస్తాయని దాని మీద నీటిబొట్టు వేశాడు. కాసేపటికి ఆ పోగులు మెలికలు తిరగసాగాయి. అవి పీచు పోగులు కావు, నులిపురుగు పిల్లలు. వాటిని ఇప్పుడు ఆంగ్వినా ట్రిటిసి అంటున్నాం. ఒక్కో బుడిపెలో వేలకొద్దీ ఉంటాయి. అలాంటి బుడిపెలను 28 ఏళ్లు పొడిగా దాచి తడిపినా పురుగులు లేచిన సందర్భం శాస్త్ర గ్రంథాల్లో నమోదైంది. ఇది వినగానే ఎవరైనా ‘ఎంత మొండి ప్రాణమో’ అంటారు. ఆ మాట ఈ పురుగుకు నప్పదు. మొండితనమంటే కష్టానికి ఎదురు నిలవడం. ఎండిన పురుగు దేనికీ ఎదురు నిలవదు, అసలు ఏ పనీ చేయదు. చేయాల్సినదంతా ఎండకముందే చేసి పెట్టుకుంటుంది. దాని బతుకంతా ఆ సన్నాహం మీదే ఆధారపడి ఉంది.

ఇందుకు రుజువు ఎండబెట్టే వేగంలోనే దొరుకుతుంది. బూజును తిని బతికే ఆఫెలెంకస్ అవీనే అనే నులిపురుగు మీద అమెరికాలో జాన్ క్రో, ఆయన సహచరులు 1970ల్లో పరిశోధనలు చేశారు. నీటిలోంచి తీసి నేరుగా పొడిగాలిలో పెడితే ఈ పురుగు చచ్చిపోతుంది. అదే పురుగును 97 శాతం తేమ ఉన్న గాలిలో కొన్ని రోజులు ఉంచి ఆ తర్వాత ఎండబెడితే బతుకుతుంది. ఆ రోజుల్లో అది ఊరికే కూర్చోదు. చుట్ట చుట్టుకుని గాలి తగిలే మేరను తగ్గించుకుంటుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వునూ గ్లైకోజెన్‌నూ ఖర్చుపెట్టి ట్రెహలోజ్ అనే చక్కెరను తయారుచేస్తుంది. చివరికి ఆ చక్కెర పొడి బరువులో పదో వంతును కూడా దాటుతుంది. ప్రయోగశాలల్లో అందరికీ తెలిసిన సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు సంగతి ఇంకా స్పష్టం. పెద్ద పురుగు ఎండితే బతకదు. తిండి కరువైనప్పుడు పిల్లపురుగు ‘డాయర్’ అనే దశలోకి వెళుతుంది. ఎండుదలను తట్టుకునేది ఆ దశ ఒక్కటే, అదీ ముందు తేమగాలిలో సిద్ధమైతేనే. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ట్రెహలోజ్ తయారీకి కావలసిన జన్యువులు పనిచేయని పురుగులను ఎండబెట్టి చూశారు. అవి తిరిగి లేవలేదు. 2011లో వెలువడిన ఈ ఫలితంతో చక్కెర ఎండుదలకు తోడుగా కనిపించేది మాత్రమే కాదని, సీ. ఎలిగాన్స్ వరకు అదే ప్రాణాధారమని తేలింది.

ఇంతకీ చక్కెర చేసే పనేమిటి? కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర నీటి అణువుల ఆసరాతోనే ఒద్దికగా నిలుస్తుంది. నీరు పోతే కొవ్వు అణువులు ఒకదానికొకటి దగ్గరగా నొక్కుకుపోతాయి. మళ్లీ నీరు తగలగానే పొర చిల్లులు పడి, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. అందుకే ప్రాణం పోయేది చాలాసార్లు ఎండేటప్పుడు కాదు, తడిసేటప్పుడు. ట్రెహలోజ్ నీరు ఖాళీ చేసిన చోట్లలో చేరి ఆ అణువులను ఎడంగా నిలుపుతుంది. రెండో పని కూడా చేస్తుంది. ముదురుపాకాన్ని పళ్లెంలో పోస్తే పలుకు కట్టకుండా గాజులా బిగుసుకున్నట్టే, కణంలోని ద్రవం ఈ చక్కెరతో గట్టిపడుతుంది. ప్రొటీన్లు ఎక్కడివక్కడే ఆగిపోతాయి, ముద్దకట్టవు. ప్రొటీన్లు ముద్దకట్టకుండా చూసే ప్రొటీన్లూ వేరే ఉన్నాయి. వాటిని మొదట పత్తి గింజల్లో కనుగొన్నారు. 2002లో అదే కుటుంబానికి చెందిన జన్యువు ఆఫెలెంకస్‌లో బయటపడింది. గింజా పురుగూ ఒకే ఉపాయానికి రావడం ఈ కథలో నాకు అన్నిటికన్నా విశేషంగా తోస్తుంది.

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు ఎదురవుతాయి. మొదటిది, ఏ వ్యవధీ లేకుండా టక్కున ఎండబెట్టినా బతికే నులిపురుగులున్నాయి కదా, వాటికి సన్నాహమెక్కడిది అని. ఐస్‌లాండ్ దగ్గరి సర్ట్‌సే దీవిలో పక్షిగూటి నుంచి తెచ్చిన పానాగ్రొలైమస్ సుపర్బస్ అలాంటిదే. దాని ఒంటిని పరీక్షిస్తే హాయిగా నీటిలో ఉన్నప్పుడు కూడా ట్రెహలోజ్ దండిగా కనిపించింది. సన్నాహం లేకపోవడం కాదు, అది ఎప్పుడూ సన్నాహంలోనే ఉంటుంది. రెండోది ఇంకా గట్టిది. డెలాయిడ్ రోటిఫర్లనే సూక్ష్మజీవుల్లో ట్రెహలోజే దొరకలేదు, అయినా అవి ఎండి బతుకుతాయి. నిజమే, కాబట్టి చక్కెర ఒక్కటే మంత్రం అనుకోవడం పొరపాటు. కానీ రోటిఫర్లు కూడా నెమ్మదిగా ఎండితేనే, ముడుచుకునే వ్యవధి దొరికితేనే బతుకుతాయి. వాడే సరుకు వేరు కావచ్చు గానీ ముందే సిద్ధపడాలన్న షరతు మాత్రం మారలేదు.

లోపల ఎక్కడో ప్రాణం మెల్లగా నడుస్తూనే ఉంటుందేమో అన్న అనుమానం కూడా పాతదే. 1860లో పాల్ బ్రోకా నేతృత్వంలోని ఫ్రెంచి సంఘం రోటిఫర్లున్న నాచును 82 రోజులు గాలి లేని చోట ఎండబెట్టి, అరగంట సేపు 100 డిగ్రీల వేడిలో ఉంచింది. తడిపితే రోటిఫర్లు లేచాయి. ఆ తర్వాత మరో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెక్రెల్ ఎండిన జీవులను పరమశూన్య ఉష్ణోగ్రత దరిదాపులకు చల్లబరిచాడు. ఏ రసాయనిక చర్యా సాగలేని ఆ చలి నుంచి కూడా అవి లేచాయి. కాబట్టి నెమ్మదిగా నడవడం కాదు, ఆగిపోవడమే జరిగిందనాలి. అలాగని ఇది అమరత్వం కాదు. ఆక్సిజన్ లోపలి అణువులను మెల్లగా చెడగొడుతూనే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ లేచేవి తగ్గిపోతాయి. సైబీరియా మంచునేలలో 46,000 ఏళ్లు పడి ఉండి లేచిందని 2023లో ప్రకటించిన పురుగును దీనితో కలపకూడదు. అక్కడ ఎండుదల కన్నా గడ్డకట్టిన చలి పాత్ర పెద్దది. పైగా లెక్కగట్టింది దానితోపాటు దొరికిన మొక్కల అవశేషాల వయసును, పురుగు వయసును కాదు.

ఈ జ్ఞానం మన వరి విత్తనానికి నేరుగా పనికొస్తుంది. ఆకుల కొనలు తెల్లబడి ఎండిపోయి, వెన్ను కురచబారే ‘వైట్ టిప్’ తెగులుకు కారణం ఆఫెలెంకాయిడిస్ బెసేయి అనే నులిపురుగు. వడ్ల గింజ పొట్టు కింద ఎండి చుట్టుకుని, నిల్వలో రెండు మూడేళ్లయినా బతికే ఉంటుంది. వడ్లను ఎంత ఆరబెట్టినా అది చావదు, ఎండిన స్థితిలో వేడికి కూడా ఓ పట్టాన లొంగదు. అందుకే విత్తనాన్ని ముందు 18 నుంచి 24 గంటలు చన్నీటిలో నానబెట్టి, ఆ తర్వాత 51–53 డిగ్రీల వేడినీటిలో 15 నిమిషాలు ఉంచమంటారు. నానిన పురుగు మేల్కొంటుంది, మేల్కొన్నది ఆ వేడికి చస్తుంది. నానబెట్టకుండా అదే పని చేయాలంటే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి, అది గింజ మొలకకే ముప్పు.