విద్యుత్తు పుట్టు విధము

పాల్వంచ నుండి భద్రాచలమునకు పోవు అడవి దారిని రాత్రివేళ సైకిలుమీద పోయినవారు మీలో పలువురుందురు. నాటి సైకిళ్లకు ముందు దీపమును, చక్రమునకు ఒరసికొను చిన్న డైనమోయు నుండెడివి. చక్రము తిరిగినంతసేపు దీపము వెలిగెడిది. సైకిలు ఆగినంతనే ఆరిపోయెడిది. అందు బ్యాటరీ లేదు, నూనె లేదు. ఆ వెలుగు ఎచ్చటినుండి వచ్చినది? ఇది తెలిసినచో మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు పనిచేయు తీరును, దానివలని అపాయమును గూడ తెలియును.

నేనొకనాడు డైనమోను విప్పి చూచితిని. అందు ఒక అయస్కాంతమును, సన్నని రాగితీగ చుట్టయు ముఖ్యమైనవి. అయస్కాంతము తీగను తాకదు. అయినను అది తిరిగినపుడు తీగలో విద్యుత్తు పుట్టుచున్నది. ఈ సంగతిని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనుగొనెను. ఆయన కమ్మరివాని కుమారుడు. చిన్ననాట పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చినవాడు. అయస్కాంతమును తీగచుట్టలోనికి దూర్చినచో, విద్యుత్తును చూపు ముల్లు ఒక వైపునకు కదలును. లోపల కదలక ఉంచినచో ముల్లు స్వస్థానమునకు వచ్చును. వెలికి లాగినచో రెండవ వైపునకు కదలును. అనగా అయస్కాంతమెంత బలమైనదైనను, కదలక యున్నచో ఫలము లేదు. చుట్టలో దాని ప్రభావము మారుచుండవలెను. ఆ మార్పు ఎంత వేగముగా జరిగినను, తీగ చుట్లు ఎన్ని పెరిగినను, వోల్టేజి ఆ మేరకు హెచ్చును. దీనికే విద్యుదయస్కాంత ప్రేరణమని పేరు.

అట్లయిన విద్యుత్తు ఊరకనే వచ్చునా? రాదు. తిరుగలిని వట్టిగా త్రిప్పుట తేలిక. గింజలు పోసిన వెనుక బరువగును. డైనమోయు నట్లే. దీపము వెలుగునపుడు తీగలోని విద్యుత్తు తానును అయస్కాంతమువలె పనిచేసి, త్రిప్పుటను అడ్డగించును. ఆ అడ్డును గెలుచుటకు మన కాళ్లు పడు శ్రమయే వెలుగగుచున్నది. పాల్వంచలో 1966 నుండి ఆ శ్రమను సింగరేణి బొగ్గు చేయుచున్నది. బొగ్గు మంటకు నీరు ఆవిరియగును. ఆవిరి త్రోపునకు యంత్రము నిమిషమునకు 3000 మారులు తిరుగును. మోతుగూడెములోని దిగువ సీలేరు కేంద్రమున కొండమీదినుండి పడు నీరే యంత్రమును త్రిప్పును.

ఇక ట్రాన్స్‌ఫార్మరు మాట. అందు తిరుగునది ఏదియు లేదు. ఇనుప దిమ్మకు రెండు తీగచుట్టలుండును, ఒకదానికొకటి తగులవు. మన లైన్లలోని విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములు ముందువెనుకలుగా పారుచుండును. కావున మొదటి చుట్టలో అయస్కాంత ప్రభావము తనంతటనే మారుచుండి, రెండవదానిలో విద్యుత్తును పుట్టించును. చుట్లు ఎక్కువగల వైపున 11,000 వోల్టులు వచ్చి, తక్కువగల వైపునుండి ఇండ్లకు 230 వోల్టులుగా పోవును.

అయితే ఆ చుట్టలకు ముందు వైపు, వెనుక వైపు అను భేదము లేదు. అపాయమంతయు ఇందే యున్నది. గాలివానకు కొమ్మ విరిగి తీగపై పడి, ఊరిలో కరెంటు పోయినదనుకొనుడు. ఒక పెండ్లియింట జనరేటరు తీగను గోడలోని ప్లగ్గులో గ్రుచ్చుట నేను చూచితిని. ఇంటి మెయిను ఆపియుండలేదు. అట్లు చేసినచో ఆ 230 వోల్టులు ఇంటినుండి ట్రాన్స్‌ఫార్మరునకు ఎదురు పోయి, అవతల వేలకొలది వోల్టులు కావచ్చును. లైను చచ్చియున్నదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము పోవును.

కావున జనరేటరు గల ఇంట చేంజోవర్ స్విచ్చి తప్పక పెట్టించవలెను. అది ఊరి లైనును పూర్తిగా విడదీసిన పిమ్మటనే జనరేటరును ఇంటికి కలుపును. తీగను భూమికి కలిపి పనిచేయుట లైన్‌మన్ జాగ్రత్త; మన ఇంటి విద్యుత్తు స్తంభముదాక పోకుండ చూచుట మన జాగ్రత్త. పెద్దలు ఈ మాటను మీ ఊరివారికి చెప్పుదురుగాక.