పెద్ద సమూహమేది?

ఒక బుట్టలో నూఱు మామిడిపండ్లును, మఱియొక బుట్టలో పదియు ఉన్నచో, ఏది పెద్దదో పసిబాలుడైనను చెప్పగలడు. కాని 1, 2, 3, 4 అని అంతము లేక సాగు సహజసంఖ్యలనుండి కొన్నింటిని ఏరి ఒకచోట చేర్చినప్పుడు, ఆ సమూహము పెద్దదా, చిన్నదా యను ప్రశ్న పండితులను సైతము తికమకపెట్టినది.

ఇటలీదేశపు శాస్త్రజ్ఞుడు గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథమున ఈ చిక్కును చూపెను. 1, 4, 9, 16 మొదలగు వర్గసంఖ్యలు నూఱువఱకు పది. పదిలక్షలవఱకు వేయి మాత్రమే. అయినను ప్రతిసంఖ్యకును ఒక వర్గము కలదు. 1కి 1, 2కు 4, 3కు 9 అని జత కూర్చుచు పోయినచో ఏ సంఖ్యయు ఒంటిగా మిగులదు. భాగము మొత్తముతో సమానమైనది! అనంతములయెడ ఎక్కువ తక్కువలను మాట చెల్లదని గెలీలియో విరమించెను. 19వ శతాబ్దమున జర్మనీలో కాంటర్ అను గణితవేత్త ఆ జత కూర్చుటనే కొలతగా గ్రహించెను. గొప్ప కొలతయే, కాని దానిచే కొలిచినచో సహజసంఖ్యలలోని అనంతసమూహములన్నియు సమానములే. అన్ని సరకులను ఒకే తూకముగా చూపు త్రాసు వర్తకునకు కొఱగాదు.

అందుచే గణితజ్ఞులు వేఱుకొలతలు వెదకిరి. వానిలో నొకటి సాంద్రత. 1 నుండి ఒక హద్దువఱకు గల సంఖ్యలలో సమూహమునకు చెందినవి ఎన్నవవంతో చూచి, హద్దును పెంచుచు పోవలెను. సరిసంఖ్యలు సగము. వర్గసంఖ్యలు క్రమముగా సున్నకు దిగును. ఒకటిచేతను తమచేతను తప్ప నిశ్శేషముగా భాగింపబడని 2, 3, 5, 7 మొదలగు ప్రధానసంఖ్యలును నూఱువఱకు 25, పదిలక్షలవఱకు 78,498 మాత్రమే. వీని సాంద్రతయు తుదకు సున్నయే.

మఱియొక కొలత వ్యుత్క్రమముల మొత్తము. వర్గసంఖ్యలకు 1 + 1/4 + 1/9 + 1/16 అని ఎంతదూరము కూడినను మొత్తము 1.645 చేరదు. ప్రధానసంఖ్యలకు 1/2 + 1/3 + 1/5 + 1/7 అని కూడినచో మొత్తము ఏ హద్దునైనను దాటునని 1737లో ఆయిలర్ కనుగొనెను. ఆ నడక తాబేటినడక. పదిలక్షలవఱకు గల ప్రధానసంఖ్యలన్నింటిని తీసికొన్నను మొత్తము మూడు కాదు. అయినను అది ఎన్నడును ఆగదు. ఒక కొలతకు చిన్నవైన ప్రధానసంఖ్యలు ఈ కొలతకు పెద్దవి.

పెద్దదని పిలిచినందువలన ఫలమేమి? 7, 37, 67, 97, 127, 157 చూడుడు. అన్నియు ప్రధానసంఖ్యలే, ముప్పదేసి అంతరముతో అంకశ్రేఢిగా నిలిచినవి. వర్గసంఖ్యలలో 1, 25, 49 వంటి మూటి శ్రేఢులు కలవుగాని నాలుగింటి శ్రేఢి ఎక్కడను లేదు. సాంద్రత సున్న కాని సమూహమున ఎంత పొడవు శ్రేఢియైనను దొరకునని హంగరీదేశీయుడు సెమెరెడి 1975లో నిరూపించెను. ప్రధానసంఖ్యలకు ఆ ఋజువు అందలేదు. 2004లో బెన్ గ్రీన్, టెరెన్స్ టావో అనువారు వానియందును అట్టి శ్రేఢులు కలవని చూపిరి.

వ్యుత్క్రమముల మొత్తము హద్దు దాటు ప్రతిసమూహమునకును ఇది చెల్లునని ఎర్డోష్ అను గణితవేత్త ఊహించెను. మూడుసంఖ్యల శ్రేఢివఱకు 2020లో బ్లూమ్, సిసాస్క్ అనువారు ఋజువు చేసిరి. నాలుగింటికి నేటికిని ఋజువు లేదు.