పదంలో ఊనిక

మాట అనేది కొన్ని ధ్వనుల వరుస మాత్రమే కాదు. ఆ వరుసలో ఏ ధ్వని పైకి లేవాలి, ఏది అణగి ఉండాలి అనే నియమం కూడా అందులో ఇమిడి ఉన్నది. నేను విద్యార్థిగా ఉన్న రోజులలో ఒకనాడు తరగతిలో ఆంగ్ల పాఠం చదువుతూ ‘డెవలప్’ అనే మాటను మొదటి అక్షరం నొక్కి పలికాను. వెనుక బల్లల నుండి నవ్వులు వినిపించాయి. తప్పేమిటో ఎవరూ చెప్పలేదు. ఆ సంవత్సరమంతా నేను తరగతిలో ఆంగ్లంలో నోరు విప్పలేదు. తప్పు నా నాలుకది కాదనీ, అక్కడ రెండు భాషల నియమాలు ఢీకొన్నాయనీ తెలుసుకొనడానికి చాలాకాలం పట్టింది. ఆ సంగతి వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

ఒక పదంలోని అక్షరాలలో ఒకదానిని మిగిలినవాటికంటె బలంగా పలకడాన్ని ఊనిక అంటారు. ఇక్కడ అక్షరమంటే లిపిలోని గుర్తు కాదు; ఒక అచ్చును ఆధారం చేసుకొని ఒక్క ఊపున పలికే ధ్వనుల ముక్క. కొన్ని భాషలలో బలంకంటె స్థాయిభేదమే ముఖ్యం. దానిని స్వరమంటారు. టోక్యో ఉచ్చారణలో ‘హషి’ అనే మాట మొదటి అక్షరాన్ని హెచ్చుస్థాయిలో పలికితే అన్నం తినే పుల్లలనీ, రెండవదానిని హెచ్చిస్తే వంతెన అనీ అర్థం.

ఊనికకు చోటు నిర్ణయించడంలో భాషలు పలు మార్గాలు తొక్కాయి. కొన్నింటికి స్థిరమైన చోటు ఉన్నది. చెక్, హంగేరియన్, ఫిన్నిష్ భాషలలో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. పోలిష్‌లో సాధారణంగా చివరినుండి రెండవ అక్షరం మీద పడుతుంది. ఇట్టి భాషలలో ఊనిక పదానికి సరిహద్దు రాయివలె పనిచేస్తుంది, అర్థాన్ని మార్చదు.

మరికొన్ని భాషలు అక్షరపు బరువును చూస్తాయి. ఛందస్సు చదివినవారికి గురులఘువులు కొత్తవి కావు. దీర్ఘాచ్చు ఉన్నదీ, హల్లుతో మూతపడినదీ గురువు, తక్కినది లఘువు. లాటిన్‌లో చివరినుండి రెండవ అక్షరం గురువైతే ఊనిక దానిదే. లఘువైతే దాని ముందుదానికి జరుగుతుంది. అరబ్బీలోనూ బరువుకే ప్రాధాన్యం. ‘కితాబ్’ అనే మాటలో దీర్ఘమున్న చివరి అక్షరమే బలంగా పలుకుతుంది. అయితే ఒకే భాషలో కూడా ప్రాంతభేదం కలదు. ‘మద్రసా’ అనే మాటను డమాస్కస్‌లో మొదటి అక్షరం మీద ఊని పలికితే, కైరోలో రెండవ అక్షరం మీద ఊని పలుకుతారు. ఎవరినీ ఎవరూ తప్పు పట్టనక్కరలేదు.

ఆంగ్లంలో ఊనికకు ఒకే చోటు లేదు. పైగా అది అర్థాన్నీ మారుస్తుంది. ‘రికార్డ్’ అనే మాటలో మొదటి అక్షరాన్ని ఊనితే నామవాచకం, రెండవదానిని ఊనితే క్రియ. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటిది, ‘ఫొటాగ్రఫీ’లో రెండవది, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడవది. ఊనిక లేని అచ్చులు తరచు స్పష్టత కోల్పోయి నలిగిపోతాయి. అందుచేత ఊనిక జరిగితే పదం రూపమే మారి వినేవానికి గుర్తు దొరకదు. ‘డెవలప్’లో రెండవ అక్షరం మీద ఉండవలసిన బలాన్ని నేను మొదటిదానికిచ్చాను, జరిగినది అంతే.

ఈ విషయం మన దేశానికి కొత్తది కాదు. వైదిక సంస్కృతంలో ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే భేదాలు ఉండేవి. వాటి నియమాలను పాణిని విపులంగా చెప్పాడు. ‘ఇంద్రశత్రు’ పదం కథ ప్రసిద్ధమే. ఉదాత్తం చివర ఉంటే ‘ఇంద్రుని చంపేవాడు’. మొదట ఉంటే ‘ఇంద్రుడు ఎవని చంపేవాడో వాడు’. త్వష్ట స్వరం తప్పి పలికినందువల్ల కోరిక తలక్రిందులైనదని కథ.

ఈ వైదిక స్వరమే ఐరోపా పండితుల చిక్కుముడిని కూడా విప్పింది. జర్మానిక్ భాషలలో పాత ‘త’ ధ్వని, నాలుక కొనను పండ్లకు తాకించి ఊదే ధ్వనిగా మారిందని 1822లో గ్రిమ్ సూత్రీకరించాడు. గోథిక్ భాషలో సోదరుని పేర అట్లే మారింది. తండ్రి పేర మాత్రం ‘ద’ వచ్చింది. కారణం అంతుపట్టలేదు. డెన్మార్కుకు చెందిన కార్ల్ వెర్నర్ 1877లో ప్రకటించిన వ్యాసంలో సంస్కృతం వైపు చూపాడు. వేదంలో ‘భ్రాతర్’ పదానికి ఉదాత్తం మొదట, అంటే ‘త’కు వెనువెంట ముందున్నది, ‘పితర్’ పదానికి ‘త’ తరువాత ఉన్నది. ప్రాచీన స్వరభేదమే హల్లుల భేదానికి కారణమైనది. స్వరం మాసిపోయినా దాని అడుగుజాడ మిగిలింది.

ఇక మన భాషల మాట. తెలుగులో, ఉర్దూలో కూడా అర్థాన్ని ప్రధానంగా వేరుచేసేది ఊనిక కాదు, పరిమాణం. తెలుగులో ‘గుడి’ వేరు, ‘గుడ్డి’ వేరు. ‘చెలి’ వేరు, ‘చెల్లి’ వేరు. ఉర్దూలో ‘కమ్’ అంటే తక్కువ, ‘కామ్’ అంటే పని. ‘పతా’ చిరునామా, ‘పత్తా’ ఆకు. తెలుగు వృత్తమూ, ఉర్దూ గజలూ గురులఘువుల కొలతమీదనే నడుస్తాయి. ఆంగ్ల పద్యం నడిచేది ఊనికల లెక్కమీద. లిపులు వేరైనా ఈ విషయంలో మన రెండు భాషలూ ఒక బడిలో చదువుకొన్నవే.

కనుక విద్యార్థి మిత్రులారా, మన చెవి తక్కువది కాదు. అది వేరొక కొలతకు అలవాటుపడినది. మనం ఊనికలో తడబడితే, తెలుగు నేర్చే ఆంగ్లేయుడు ‘గుడి’, ‘గుడ్డి’ల వద్ద తడబడతాడు. నిఘంటువులో ఊనిక పడే అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. కొత్త మాట నేర్చినప్పుడెల్ల అర్థంతోపాటు ఆ గీతను కూడా గమనించండి. తోటివాడు తడబడినప్పుడు నవ్వక, ఆ గీతను చూపండి. నవ్వు ఒక నోటిని మూయగలదు. ఒక్క మంచి మాట దానిని మరల తెరిపించగలదు.