దళసరి గుండె గోడ: లోపలి మచ్చను జూపు చిత్రములు

1958లో లండను వైద్యుడు డోనాల్డ్ టియర్ ఎనిమిది గుండెలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు పెక్కు హఠాత్తుగా మరణించిన యువజనులవి. వాని నడిమిగోడ అసాధారణముగా దళసరియై యుండెను. ఈ వ్యాధి సుమారు 500 మందిలో ఒకరికుండునని నేటి అంచనా. తరచు వంశానుగతము.

రక్తపుపోటు వంటి వేరు కారణము లేకయే గోడ 15 మిల్లీమీటర్లకు పెరిగినచో ఎకో పరీక్ష దానిని చూపును. కాని ఆపద మందమును బట్టియే యుండదు. పెద్ద ధమనులు తెరచియున్నను కండరములోని సన్నని నాళములు ఇరుకగును. ఛాతీ నొప్పి నిజము. ధమనుల చిత్రములో దోషము గానరాదు. దీనిని వాయువని త్రోసివేయువారును కలరు! నెత్తురు చాలని కండరము క్రమముగా మచ్చగట్టును.

ఈ రెంటిని ఎం.ఆర్.ఐ. పట్టియిచ్చును. నాళములను విప్పార్చు మందిచ్చి, సిరలోనికి గడోలినియము నెక్కింతురు. తొలి క్షణములలో నెత్తురందని తావు నల్లగా నుండును. పది పదునైదు నిమిషములకు మంచి కండరమునుండి గడోలినియము తొలగును; మచ్చలో నిలిచి తెల్లగా మెరయును. ఎడమ జఠరికలో మచ్చ 15 శాతమునకు చేరినచో హఠాన్మరణ భయము హెచ్చు. అప్పుడు, లయ తప్పిన గుండెను విద్యుద్ఘాతముతో సరిదిద్దు పరికరమును అమర్చుట వైద్యులు ఆలోచింతురు. రోగి తోబుట్టువులకును బిడ్డలకును తొలుత ఇ.సి.జి., ఎకో పరీక్షలే జరుపుదురు.